మెష్ వేయించుకునే ముందు, తీయించుకునే ముందు

మన సంఘం మహిళా విభాగం వారు ఈ సంచికకు ఆడవారి ఆరోగ్యం మీద ఒక వ్యాసం రాయమని అడిగారు. రక్తహీనత గురించో, చక్కెర జబ్బు గురించో రాసి ఊరుకోవచ్చు. అవి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మన ఆడవారు తల్లికీ చెల్లికీ కూడా చెప్పుకోని ఒక బాధ గురించి, దానికి చేసే ఒక ఆపరేషను గురించి, ఆ ఆపరేషను వికటిస్తే చేయవలసివచ్చే మరో ఆపరేషను గురించి రాయాలనుకున్నాను. 32 ఏళ్ళు గంజాం జిల్లాలో ప్రభుత్వ నర్సుగా పనిచేసి, అందులో సగానికి పైగా కాన్పుల వార్డులోనూ స్త్రీవ్యాధుల వార్డులోనూ గడిపాను కనుక ఆ చనువు తీసుకుంటున్నాను. ఉన్న సంగతి ఉన్నట్టు చెబుతాను. మగవారు పేజీ తిప్పేయకుండా చదవాలని మనవి.

జారడం అంటే ఏమిటి?

ఆడవారి పొత్తికడుపు అడుగున ముందువైపు మూత్రసంచి, మధ్యలో గర్భసంచి, వెనుక మలాశయం ఉంటాయి. ఈ మూడింటినీ కిందనుంచి ఊయలలా మోసేవి కొన్ని కండరాలు. పక్కలనుంచి తాళ్ళలా పట్టి ఉంచేవి కొన్ని నారలు. వరుస కాన్పులు, గంటల తరబడి సాగిన కష్టపు కాన్పులు, పురిటి మంచం దిగీ దిగకముందే బిందెలు మోయడం, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం, ఒంటి బరువు, ముట్లుడిగాక హార్మోను తగ్గిపోవడం, వీటన్నిటివల్లా ఆ కండరాలూ నారలూ సడలిపోతాయి. అప్పుడు పైనున్న అవయవం యోనిలోకి దిగుతుంది. ప్రతిసారీ గర్భసంచే దిగాలని లేదు. ముందుగోడ వెంట మూత్రసంచి దిగవచ్చు, వెనుకగోడ వెంట మలాశయం దిగవచ్చు. గర్భసంచి తీసేసినవారిలో యోని పైకప్పే కిందికి రావచ్చు.

మొదట్లో సాయంత్రమయ్యేసరికి నడుం లాగడం, కింద బరువుగా ఉండడం, ఏదో ఉండ మీద కూర్చున్నట్టు అనిపించడం జరుగుతుంది. ముదిరితే కడుక్కునేటప్పుడు చేతికి తగులుతుంది. మూత్రం పూర్తిగా రాదు, లేదా దగ్గినా తుమ్మినా కారిపోతుంది. ఇది సాధారణంగా ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. కాని పెళ్ళికి వెళ్ళి నాలుగు గంటలు కూర్చోలేక, రైలెక్కాలంటే భయపడుతూ బతకాల్సి వస్తుంది.

మన ఛత్రపూర్ దగ్గర ఆర్యపల్లి మొదలుకొని గోపాలపురం దాకా సముద్రం ఒడ్డున తెలుగు మాట్లాడే మత్స్యకారుల పల్లెలున్నాయి. ఆ పల్లెల ఆడవారు చేపల గంప నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడిచి అమ్మినవారే. పెద్ద వయసు వారిలో కొందరికి చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, దానితోపాటు వదలని దగ్గు. వీరిలో ఒకావిడ, గర్భసంచి పూర్తిగా బయటికి వచ్చి పుండు పడ్డాక, పాత చీర గుడ్డతో కట్టుకుని వార్డుకు వచ్చింది. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, "మా సిన్నోడు పుట్టినకాడి నుంచీ ఉంది సిస్టరమ్మా. ఆడపుటక పుట్టాక ఇయన్నీ మామూలే గదా" అంది. ఆ చిన్నోడికి అప్పటికే పెళ్ళయి ఇద్దరు పిల్లలు.

ఈ మౌనం మన ఒక్క జిల్లాది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్ గారు రెండు పల్లెల్లోని 650 మంది ఆడవారిని పరీక్షించి, ఆ ఫలితాలను 1989లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మందే.

వల ఎలా వచ్చింది?

జారిన గర్భసంచికి ఆపరేషను చాలా పాతది. యోనిమార్గం గుండా గర్భసంచి తీసి, సడలిన గోడలను రోగి సొంత కండతోనే బిగించి కుట్టడం ఒక పద్ధతి. పిల్లలు కావలసిన చిన్నవయసు వారికి గర్భసంచిని తీయకుండా పట్టీతో పైకి కట్టే ఆపరేషన్లను బొంబాయి డాక్టర్లు వి.ఎన్. శిరోద్కర్, బి.ఎన్. పురందరే రూపొందించారు. వారి పేర్లతోనే అవి ఈనాటికీ మన దేశపు వైద్య పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి.

సొంత కండతో కుట్టడంలో ఒక చిక్కు ఉంది. నీరసించిన గుడ్డకు కుట్టు వేస్తే పక్కన చిరిగినట్టు, కొందరిలో మళ్ళీ జారుతుంది. 1997లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఇలాంటి ఆపరేషన్లలో సుమారు 29 శాతం అదివరకే ఒకసారి చేయించుకున్నవారికి తిరిగి చేసినవేనని తేలింది. అందుకని హెర్నియాకు వాడే ప్లాస్టిక్ వలను ఇక్కడా ఆసరాగా పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఆ వలనే మెష్ అంటారు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో అల్లుతారు. దాని రంధ్రాలలోంచి కండ పెరిగి, వలా కండా ఒకటై గట్టిపడాలని ఉద్దేశం.

అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతినిచ్చే ఎఫ్.డి.ఎ. సంస్థ, మూత్రం కారడాన్ని ఆపే సన్నటి మెష్ పట్టీకి 1996లోను, జారిన అవయవాలను నిలపడానికి వాడే మెష్‌కు 2002లోను అనుమతి ఇచ్చింది. అప్పటికే అమ్ముతున్న వస్తువును పోలి ఉందన్న ఆధారం మీదే ఇచ్చింది. కొత్తగా రోగుల మీద పరీక్షలు కోరలేదు. తర్వాత కంపెనీలు కొలత ప్రకారం కత్తిరించిన మెష్‌నూ, దాన్ని లోపలికి చేర్చే సూదులనూ కలిపి ఒకే పెట్టెలో పెట్టి అమ్మసాగాయి. 2010 నాటికి అమెరికాలో ఏడాదికి సుమారు 3 లక్షల మందికి జారుడు ఆపరేషన్లు జరుగుతుంటే, వాటిలో మూడింట ఒకటి మెష్‌తో చేసినదే. ఆ మెష్ ఆపరేషన్లలో నాలుగింట మూడు యోనిమార్గం గుండా చేసినవి.

చిక్కంతా ఈ చివరి మాటలో ఉంది. హెర్నియా మెష్ పొట్టలో దళసరి కండ మాటున ఉంటుంది. యోనిగోడ పలుచన. అక్కడ సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. ముట్లుడిగాక ఆ గోడ మరింత పలుచబడుతుంది. అలాంటి గోడ వెనుక ప్లాస్టిక్ వల పెడితే, కొందరిలో అది గోడను ఒరుసుకుని బయటపడుతుంది. కొందరిలో ముడుచుకుపోయి నరాలనూ కండరాలనూ లాగుతుంది. అందరిలోనూ ఇలా జరగదు. కాని జరిగినవారికి మాత్రం అది నరకమే.

మా వదినగారి అనుభవం

మా వదినగారు రాయమన్నారు కనుక ఆవిడ సంగతి రాస్తున్నాను. 2008లో, తన 54వ ఏట, మూత్రసంచి జారిందని ఇక్కడికి దూరంగా ఉన్న ఒక నగరంలో ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకున్నారు. ఊరి పేరూ ఆసుపత్రి పేరూ ఇక్కడ అనవసరం. ఒప్పుదల కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అన్నయ్య సంతకం పెట్టాడు. "లోపల చిన్న జాలీ వేస్తాం, ఇక జన్మలో జారదు" అన్నదొక్కటే వారికి చెప్పిన మాట. మొదటి ఏడాది ఆవిడ హాయిగానే ఉన్నారు.

రెండో ఏట నుంచి బట్టకు రక్తపు చారలు, చెడు వాసన మొదలయ్యాయి. మూత్రంలో మంటకు ఏడాదికి ఐదారుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు వాడవలసివచ్చేది. కుడి తొడ మొదట్లో సూదులతో పొడిచినట్టు నొప్పి. పీట మీద కూర్చుని కూరలు తరగలేకపోయేవారు. భార్యాభర్తల జీవితం ఆగిపోయింది. ఆపరేషను చేసిన చోటికి వెళ్తే జారడం తగ్గిందా లేదా అని చూసి, అంతా బాగుందన్నారు. ఇంకోచోట నడుముకు ఎక్స్‌రే తీశారు. ఈ మెష్ ఎక్స్‌రేలో కనబడదు. చివరికి ఒకరు మనసు కుదుటపడటానికి మాత్రలు రాశారు. ఆ మాత్రల చీటీ చూసినప్పుడే ఆవిడ నా దగ్గర మొదటిసారి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అంతకుముందు ఎంత నొప్పికీ ఏడవలేదు.

నాలుగేళ్ళు గడిచాక ఒక బోధనాసుపత్రిలో స్త్రీవ్యాధుల డాక్టరమ్మగారు స్పెక్యులం పెట్టి పరీక్షించి, ముందుగోడ మీద బొటనవేలి గోరంత మేర మెష్ బయటపడి ఉందని చెప్పారు. సిస్టోస్కోపీ చేసి, అది మూత్రసంచి లోపలికి పోలేదని రూఢి చేసుకున్నారు. మొదట మూడు నెలలు ఈస్ట్రోజన్ క్రీము రాయమన్నారు. గోడ మూసుకోలేదు. తర్వాత బయటపడిన ముక్కను కత్తిరించి కుట్టారు. ఎనిమిది నెలలకు దాని పక్కనే మరో చోట బయటపడింది. 2014లో మూడు గంటల ఆపరేషను చేసి మధ్యభాగమంతా తీశారు. యూరాలజీ సర్జనుగారు పక్కనే నిలబడ్డారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. తొడల వైపు పోయిన కొసలను మాత్రం కదపలేదు. వాటి కోసం వెళ్తే నష్టమే ఎక్కువని ముందే చెప్పారు.

ఆ తర్వాత రక్తం, వాసన, మూత్రంలో మంట పూర్తిగా పోయాయి. తొడ నొప్పి సగం తగ్గింది, సగం ఉంది. మూత్రసంచి కొద్దిగా మళ్ళీ జారింది. దానికి రింగు పెట్టుకుంటున్నారు. "సగమే తగ్గిందేమిటి వదినా" అని ఎవరో అంటే, "నేను చెప్పింది అబద్ధం కాదని తేలింది. అది నాకు మందుకంటే ఎక్కువ పనిచేసింది" అన్నారు.

తీయడం ఎందుకంత కష్టం?

పాత గోడ పగుల్లో రావిమొక్క మొలవడం మీరందరూ చూసే ఉంటారు. మొలిచిన వారానికైతే వేలితో పీకేయవచ్చు. పదేళ్ళయ్యాక పీకితే ఇటుకలు ఊడివస్తాయి. మెష్ సంగతీ అంతే. దానిలోంచి కండ పెరగాలనే దాన్ని అల్లారు. అది తన పని తాను చేసింది. ఇక దాన్ని విడదీయాలంటే ఒకవైపు మూత్రసంచి, మూత్రనాళాలు, మరోవైపు మలాశయం, చుట్టూ రక్తనాళాలు, నరాలు. వేయడానికి గంట చాలు. తీయడానికి మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. ఒక్కసారితో పని కాకపోవచ్చు.

అందుచేత వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుంది. చిన్నగా బయటపడి, నొప్పి లేకపోతే, ముందు ఈస్ట్రోజన్ క్రీముతో ప్రయత్నిస్తారు. మూసుకోకపోతే ఆ ముక్కవరకు కత్తిరించి గోడ కుడతారు. నొప్పి, ముడుచుకోవడం, మళ్ళీ మళ్ళీ బయటపడడం ఉంటే మెష్‌లో ఎక్కువ భాగం తీస్తారు. మొత్తం తీయడం అన్నిటికంటే పెద్ద ఆపరేషను. మూత్రసంచిలోకి గాని మలాశయంలోకి గాని చొచ్చుకుపోతే తీయక తప్పదు. మూత్రసంచిలో ఉన్న మెష్ మీద రాళ్ళు కూడా పేరుకుంటాయి.

తీసిన తర్వాత ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. రక్తస్రావం కావచ్చు. మూత్రసంచికి గాని పేగుకు గాని గాయం కావచ్చు. జారుడు తిరిగి రావచ్చు. పట్టీ తీస్తే మూత్రం కారడం మళ్ళీ మొదలుకావచ్చు. బయటపడడం, వాసన, ఇన్‌ఫెక్షను చాలామందిలో నయమవుతాయి. నొప్పి విషయంలో మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏళ్ళ తరబడి లాగిన నరం, మెష్ తీసిన రోజునే ఊరుకోదు. ఆ నొప్పికి వేరే మందులు, వ్యాయామ చికిత్స అవసరమవుతాయి.

ఇక్కడ ఇంకో హెచ్చరిక. మెష్ ఉండి, ఏ బాధా లేనివారు భయపడి తీయించుకోకూడదు. అమెరికాలో నష్టపరిహారపు దావాలలో మెష్ తీసేసినవారికి ఎక్కువ డబ్బు వస్తుండడంతో, దళారులు ఆడవారికి ఫోన్లు చేసి, అప్పులిచ్చి, దూరప్రాంతాలకు తీసుకువెళ్ళి, అక్కరలేనివారికీ ఆపరేషన్లు చేయించారని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2018లో బయటపెట్టింది. వేయడంలో తొందర ఎంత చేటో, తీయడంలో తొందరా అంతే చేటు.

నోరు విప్పినవారు ఏం సాధించారు?

ఎఫ్.డి.ఎ. 2008 అక్టోబరులో మొదటి హెచ్చరిక చేసినప్పుడు, ఇలాంటి ఇబ్బందులు అరుదు అంది. 2008 నుంచి 2010 వరకు మూడేళ్ళలో జారుడు మెష్ మీదే 1,503 ఫిర్యాదులు వచ్చాయి. 2011 జూలైలో అదే సంస్థ, ఇవి అరుదు కావని మాట మార్చుకుంది. యోనిమార్గం గుండా మెష్ వేయించుకున్నవారిలో ఏడాదిలోపే నూటికి 10 మందికి అది బయటపడుతోందనీ, వారిలో సగానికి పైగా మందికి తిరిగి ఆపరేషను అవసరమవుతోందనీ చెప్పింది. 2016 చివర లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రాస్పెక్ట్ అనే బ్రిటిషు పరీక్షలో, మొదటి రెండేళ్ళలో మెష్ వేసినవారికి సొంత కండతో కుట్టినవారికంటే అదనంగా ఒరిగిందేమీ లేదనీ, పదిమందిలో ఒకరికి పైగా మెష్ వల్ల ఇబ్బంది వచ్చిందనీ తేలింది. చివరికి 2019 ఏప్రిల్ 16న, యోనిమార్గం గుండా జారుడుకు వేసే మెష్ అమ్మకాలను ఆపేయమని ఎఫ్.డి.ఎ. ఆదేశించింది. ఈలోగా అక్కడ లక్షకు పైగా దావాలు పడ్డాయి.

స్కాట్లాండులో ఎలేన్ హోమ్స్, ఆలివ్ మెకిల్‌రాయ్ అనే ఇద్దరు బాధితులు 2014లో తమ పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ జూన్ నెలలోనే అక్కడి ఆరోగ్యమంత్రి మెష్ వాడకాన్ని నిలిపివేయమని ఆసుపత్రులను కోరారు. తర్వాత కొందరు స్కాట్లాండు ఆడవారు మెష్ తీయించుకోవడానికి సొంత డబ్బుతో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం దాకా వెళ్ళారు. అలా ఖర్చుపెట్టుకున్నవారికి ఆ డబ్బు తిరిగి ఇచ్చేందుకు 2022లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. మెష్ తీయడం కోసం ఒక దేశం చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ బాధ ఎంతటిదో ఊహించండి.

ఆస్ట్రేలియా 2017 చివర ఈ రకం మెష్‌ను జాబితా నుంచి తొలగించింది. 2018 అక్టోబరులో అక్కడి ఆరోగ్యమంత్రి గ్రెగ్ హంట్ ప్రభుత్వం తరఫున బాధితులకు క్షమాపణ చెప్పారు. ఇంగ్లండులో బారొనెస్ జూలియా కంబర్లెజ్ కమిటీ 700 మందికి పైగా బాధితుల, కుటుంబాల గోడు విని 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. నొప్పి అని చెప్పిన ఆడవారి మాటను వైద్యులు ఏళ్ళ తరబడి కొట్టిపారేశారన్నది ఆ నివేదికలో ముఖ్యమైన సంగతి. 2021 నుంచి అక్కడ మెష్ ఇబ్బందుల కోసం ప్రత్యేక కేంద్రాలు నడుస్తున్నాయి. మన పిల్లలు ఆ దేశాలలో ఉన్నారు. వారి దగ్గరికి వెళ్ళిన అమ్మలూ అత్తలూ ఈ సంగతులు తెలుసుకుని ఉండడం మంచిది.

మన దగ్గర సంగతి

మన తెలుగువారికి ఈ విషయం ఇంకో దారిలో కూడా దగ్గరవుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అక్కరలేని గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు ఆదేశాలు ఇచ్చింది. చిన్నవయసులో గర్భసంచి పోయినవారిలో కొందరికి ముందుముందు యోని పైకప్పు జారవచ్చు. అప్పుడు దాన్ని వెన్నెముక అడుగున త్రికాస్థికి మెష్‌తో కడతారు. ఇది పొట్ట వైపు నుంచి చేసే ఆపరేషను. ఇందులో మెష్ బయటపడడం యోనిమార్గం పద్ధతికంటే తక్కువ. 2019 నాటి అమెరికా ఆదేశం దీనికి వర్తించదు. తక్కువే గాని అసలు లేకపోలేదు. కనుక దీనికీ ప్రశ్నలు అడగాలి.

మన దేశంలో వైద్య పరికరాలన్నీ చట్టం కిందికి వచ్చింది 2020 ఏప్రిల్ 1 నుంచి. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే కార్యక్రమం 2015 జూలై 6న మొదలైంది. దాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషను నడుపుతోంది. డాక్టరే కాదు, రోగి కూడా ఫిర్యాదు పంపవచ్చు. పంపితే మన బాధ రేపే తీరిపోదు. కాని అమెరికాలో 1,503 మంది బాధలు లెక్కకు ఎక్కడం వల్లనే 'అరుదు' అన్న మాట చెరిగిపోయింది.

గంజాంలో మనకున్న ప్రత్యేకమైన ఇబ్బంది భాష. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషు. పెద్దవాళ్ళకు కొడుకు దుబాసీగా నిలబడతాడు. కొడుకు ముందు తల్లి ఈ మాటలు ఎలా చెబుతుంది? "కడుపులో నొప్పి" అని ఊరుకుంటుంది. డాక్టరుగారు కడుపునొప్పికే మందు రాస్తారు. కనుక కూతురో కోడలో తోడు వెళ్ళాలి. ఎవరూ లేకపోతే బాధలన్నీ ఒక కాగితం మీద రాయించుకుని వెళ్ళండి. వార్డులో తెలుగు వచ్చిన నర్సు ఉందేమో అడగండి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో పనిచేసిన మన తెలుగు నర్సులెందరో నాకు తెలుసు.

ముందు చేయవలసినవి

జారుడు కొద్దిగా ఉన్నప్పుడు ఆపరేషను మాట అక్కరలేదు. మూత్రం, గాలి రెండూ ఆపుకున్నట్టు అడుగు కండరాలను బిగించి, ఐదారు లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. మూత్రం పోసే సమయంలో చేయకూడదు. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామమిది. మూడు నాలుగు నెలలు విడవకుండా చేస్తే గాని గుణం కనబడదు. దగ్గుకు, మలబద్ధకానికి వైద్యం చేయించుకోవాలి. పొగ మానాలి. రెండు బిందెల బదులు ఒక్క బిందె మోయాలి. బాలింతల చేత బరువులు ఎత్తించకూడదు. జారుడు ఎక్కువగా ఉండి ఆపరేషను వద్దనుకునేవారికి సిలికాన్ రింగు ఉంది. దాన్ని పెసరీ అంటారు. డాక్టరు కొలత చూసి పెడతారు. వేళకు చూపించుకుని శుభ్రం చేయించుకోవాలి.

ఆపరేషను తప్పదన్నప్పుడు ఈ ప్రశ్నలు అడగండి.

1. ఏ అవయవం జారింది? ఎంత జారింది?
2. సొంత కండతో కుడతారా, మెష్ వేస్తారా? మెష్ అయితే యోనిమార్గం గుండానా, పొట్ట వైపు నుంచా?
3. మెష్ లేకుండా చేస్తే నాకు ఏమిటి నష్టం?
4. ఈ మెష్ ఇబ్బంది పెడితే తీయగలిగినవారు మీ ఆసుపత్రిలో ఉన్నారా?
5. మెష్ పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు, నంబరు చీటీ నాకు ఇస్తారా?

ఈ అయిదో ప్రశ్నను తేలికగా తీసుకోకండి. పదేళ్ళ తర్వాత తీసే సర్జనుకు, లోపల ఉన్నది ఏ రకం వలో, దాని కొసలు ఎటు పోయాయో తెలియాలంటే ఆ చీటీ, ఆపరేషను నోట్సు కావాలి. బంగారం రసీదుతో పాటు దాచుకోండి.

ఇప్పటికే మెష్ ఉన్నవారికి నాలుగు గుర్తులు చెబుతాను. ముట్లుడిగాక రక్తపు చారలు, వాసనతో కూడిన తెల్లబట్ట, పదే పదే మూత్రంలో మంట, తొడలోగాని పిర్రలోగాని మానని నొప్పి. కలయికలో భార్యకు నొప్పి గాని, భర్తకు గుచ్చుకోవడం గాని ఉంటే అదీ గుర్తే. ఇవి ఉంటే మొట్టమొదట "నాకు మెష్ వేశారు" అని చెప్పండి. స్పెక్యులంతో పరీక్ష చేయమనండి. అల్ట్రాసౌండులో మెష్ కనబడుతుంది. మూత్రంలో రక్తం ఉంటే సిస్టోస్కోపీ కావాలి. తీయించుకోవలసి వస్తే స్త్రీవ్యాధుల విభాగం, యూరాలజీ విభాగం రెండూ ఉన్నచోటికే వెళ్ళండి. మనకు అందుబాటులో కటక్ ఎస్.సి.బి., భువనేశ్వర్ ఎయిమ్స్, విశాఖ కె.జి.హెచ్. అలాంటి పెద్ద ఆసుపత్రులు. వెళ్ళినచోట, ఇంతకుముందు ఎన్ని మెష్‌లు తీశారని మొహమాటం లేకుండా అడగండి. మంచి సర్జను ఆ ప్రశ్నకు కోపగించుకోరు.

చివరిగా అన్నయ్యలకూ బావగార్లకూ ఒక మాట. ఇంటి ఆడది కూర్చోలేక లేస్తుంటే, పెళ్ళికి రానంటే, నెలకోసారి మూత్రంలో మంట అంటే, వయసు మీద పడిందని తీసిపారేయకండి. ఏమిటమ్మా బాధ అని ఒక్కసారి అడగండి. అడిగేవారుంటే చెప్పేవారుంటారు. వచ్చే మహిళా విభాగం సమావేశానికి ఎవరైనా తమ కాగితాలు తెస్తే, వాటిలో ఏముందో తెలుగులో చదివి చెప్పడానికి నేను ఒక మూల బల్ల వేసుకుని కూర్చుంటాను.